డిటెక్టివ్ మాసపత్రికలు, అభిమాన సంచికలు, రాత పత్రికలు: క్యాటలాగు తయారుచేయడానికి సమగ్ర మార్గదర్శి

కర్నూలు, ఆదోని, నంద్యాల వంటి ఊళ్లలో పాత ఇళ్ల అటకల మీద, ఇనుప పెట్టెల్లో, ఎప్పుడో మూతపడిన అద్దె పుస్తకాల షాపుల వెనక గదుల్లో ఒక రకం అచ్చు సాహిత్యం ఇప్పటికీ దొరుకుతోంది. నెలకొకటి చొప్పున వచ్చిన డిటెక్టివ్ మాసపత్రికలు, జేబులో పట్టే అపరాధ పరిశోధన నవలలు, దయ్యాల కథల ప్రత్యేక సంచికలు, సినిమా హీరోల అభిమాన సంఘాలు వేసుకున్న సావనీర్లు, కుర్రవాళ్లు సైక్లోస్టైల్ (స్టెన్సిల్ కాగితం మీద కోసి నకళ్లు తీసే పద్ధతి) తీసి పంచుకున్న చిన్న పత్రికలు ఇందులోకి వస్తాయి. ‘భారతి’ వంటి సాహిత్య పత్రికలను గ్రంథాలయాలు సంపుటాలుగా బైండు చేయించి దాచుకున్నాయి. వీటికి ఆ ఆదరణ దక్కలేదు. అందువల్ల కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల తొలి ముద్రణలు ఏ వరుసలో వచ్చాయో తేల్చాలన్నా, మారుపేర్లతో రాసి మరుగున పడిన రచయితలు ఏమేమి రాశారో తెలుసుకోవాలన్నా, ఇళ్లలో మిగిలిన ప్రతులే ఆధారం.

ఈ పని చేయడానికి గ్రంథాలయ శాస్త్రంలో పట్టా అవసరం లేదు. ఓపిక, ఒక స్ప్రెడ్‌షీటు, ఒక ఫోను కెమెరా, ఒక నియమం ఉంటే చాలు. ప్రతి మీద కనిపించినది కనిపించినట్టుగా ఒక గడిలో, మీరు తర్కించి తేల్చినది మరొక గడిలో రాయాలన్నదే ఆ నియమం. కింద చెప్పిన పద్ధతులన్నీ దాని నుంచి పుట్టినవే, దాన్ని తప్పితే ఎంత పెద్ద క్యాటలాగు అయినా రెండవ మనిషికి పనికిరాదు.

పరిధిని నిర్ణయించుకోవడం

తెలుగు డిటెక్టివ్ సాహిత్యమంతటికీ జాబితా వేస్తామని మొదలుపెట్టిన పని సాధారణంగా సగంలో ఆగిపోతుంది. ఒకే పత్రిక సంచికలన్నీ తీసుకోవచ్చు, ఒకే రచయిత రచనలన్నీ తీసుకోవచ్చు, లేదా ఒకే చోట దొరికిన నిల్వను మొత్తంగా తీసుకోవచ్చు. సీమలో పనిచేసేవారికి మూడవ దారినే నేను గట్టిగా సూచిస్తాను. మద్రాసులోనో విజయవాడలోనో అచ్చయిన పత్రికకు పూర్తి జాబితాను ఎక్కడి నుంచైనా తయారుచేయవచ్చు గానీ, ఆదోనిలోని ఒక అద్దె షాపు నిల్వలో ఏమేమి ఉన్నాయి, వాటిలో ఏవి అరిగిపోయేదాకా చదివారు, ఏవి కొత్తవిగా మిగిలిపోయాయి అన్నది ఆ నిల్వ చెదిరిపోకముందే, అక్కడే నమోదు కావాలి.

చేతిలోకి తీసుకునే ముందు

పెట్టె తెరవగానే పుస్తకాలను సంవత్సరాల వారీగా సర్దాలనిపిస్తుంది, కానీ వెంటనే ఆ పని చేయకూడదు. ఉన్నవి ఉన్నట్టుగా, పై వరుస నుంచి కింది వరుస దాకా ఫోటోలు తీసి, ప్రతి దానికీ వరుస సంఖ్య ఇచ్చిన తర్వాతే కదిలించాలి. తేదీ లేని ఒక సంచిక 1961 నాటి రెండు సంచికల మధ్య, ఒకే సుతిలి కట్టలో దొరికితే, అదే దాని కాలానికి తొలి ఆధారం అవుతుంది.

ఈ పత్రికల కాగితం చవక రకం. కలప గుజ్జులోని లిగ్నిన్ వల్ల దానిలో ఆమ్లం పెరిగి, పసుపు రంగుకు తిరిగి, చివరికి పెళుసుగా మారి అంచులు రాలిపోతాయి. అనంతపురం, కర్నూలు ఎండల్లో రేకుల కప్పు కింద ఉంచిన కట్టలైతే మరీ త్వరగా పాడవుతాయి. అట్టను వెనక్కి విరిచి చదునుగా పరచకుండా, రెండు వైపులా దిండ్ల వంటి మెత్తని ఆధారం పెట్టి సగం తెరిచి చూడాలి. తుప్పు పట్టిన పిన్నులను గోటితో లాగితే కాగితం కూడా వస్తుంది గనుక, పలుచని ప్లాస్టిక్ ముక్కను కిందికి దూర్చి మెల్లగా వంచి తీయాలి. సెల్లోటేపు, లామినేషన్, ఫెవికాల్ ఈ మూడూ వద్దు. ప్రతి మీద సంఖ్య వేయవలసి వస్తే మెత్తని పెన్సిలుతో, వెనక అట్ట లోపలి మూలన, చిన్నగా వేయాలి. చెదలు, పురుగు కనిపించిన కట్టను మిగతావాటికి దూరంగా వేరే పెట్టెలో ఉంచాలి.

కర్నూలులో దొరికే ప్రతులకు మరొక సమస్య ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి నగరాన్ని ముంచినప్పుడు తడిసి, తర్వాత ఎండబెట్టిన కట్టలలో పుటలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని బలవంతంగా విడదీయకుండా, విడిగా వచ్చిన పుటలను మాత్రమే నమోదు చేసి, అతుక్కున్న భాగం ఏ పుట నుంచి ఏ పుట దాకా ఉందో రాసిపెట్టండి. సంరక్షణ నిపుణులు చూసేదాకా అది అలాగే ఉండటం మంచిది.

నాలుగు అంచెలు: పత్రిక, సంచిక, రచన, ప్రతి

కొత్తవారి క్యాటలాగులు గందరగోళపడటానికి ముఖ్య కారణం అన్నిటినీ ఒకే వరుసలో రాయడం. నిజానికి ఇక్కడ నాలుగు వేర్వేరు విషయాలు ఉన్నాయి. పత్రిక అంటే ఒక పేరుతో కొంతకాలం నడిచినది. సంచిక అంటే దానిలో ఒక నెలకో వారానికో వచ్చిన అచ్చు. రచన అంటే ఆ సంచికలో ఉన్న కథ, సీరియల్ భాగం, బొమ్మ, ఉత్తరం. ప్రతి అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఒకే ఒక పుస్తకం. స్ప్రెడ్‌షీటులో ఈ నాలుగింటికీ నాలుగు పేజీలు పెట్టి, ఒకదానిని మరొకదానికి సంఖ్యలతో కలపండి. సైన్స్ ఫిక్షన్ రచనలకు అంతర్జాలంలో 1995 నుంచి నడుస్తున్న ఐఎస్ఎఫ్‌డీబీ అనే సమాచార నిధి కూడా రచనను, అది అచ్చయిన పుస్తకాన్ని విడివిడిగానే చూపిస్తుంది. ఒకే కథ మూడు చోట్ల పునర్ముద్రణ పొందినప్పుడు, కథను ఒక్కసారే నమోదు చేసి, మూడు ముద్రణలకు కలపగలగడం ఈ విభజన వల్లనే సాధ్యమవుతుంది.

మన పాకెట్ నవలల విషయంలో ఈ విభజన మరింత అవసరం. పూర్తి నవల ఒక్కటే ఉన్నా, పైన ఒక మాలిక పేరు, సంపుటి, సంచిక సంఖ్యలు వేసి నెలనెలా విడుదల చేసినవి చాలా ఉన్నాయి. అటువంటిది పుస్తకమా, పత్రికా అని తేల్చుకోవలసిన పని లేదు. సంచిక పేజీలో మాలిక పేరుతోనూ, రచన పేజీలో నవల పేరుతోనూ రాసి కలిపితే రెండు వైపుల నుంచి వెతికినవారికీ దొరుకుతుంది.

సంచికలో ఏమేమి, ఎక్కడ చూడాలి

పత్రిక పేరును ముఖచిత్రం మీద ఉన్నట్టుగా రాసిన తర్వాత, లోపల సంపాదకీయం పుటలో, పుటల అడుగున, చివరి పుటలో అదే పేరు ఉందో లేదో సరిచూడండి. ముఖచిత్రం మీద కళ్లకు కొట్టే అక్షరాలలో ఉన్నది ఒక్కోసారి పత్రిక పేరు కాక, ఆ నెల నవల పేరై ఉంటుంది. లోపలి పేరును ప్రధానంగా తీసుకుని, అట్ట మీది పేరును పక్కన రాయడం క్షేమం.

ముద్రాపకులు, ప్రకాశకుల వివరాలు సాధారణంగా ఆఖరి పుట అడుగున, కళ్లజోడు పెట్టుకున్నా కనిపించనంత చిన్న అక్షరాలలో ఉంటాయి. 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ముద్రాపకుడి పేరు, ముద్రించిన చోటు, ప్రకాశకుడి పేరు, ప్రచురించిన చోటు విధిగా వేయవలసి ఉండేది కాబట్టి, మిగతావన్నీ దాచిన పత్రిక కూడా ఈ వాక్యాన్ని మాత్రం వేసేది. ప్రెస్సు ఉన్న ఊరు, కార్యాలయం ఉన్న ఊరు వేర్వేరుగా ఉండవచ్చు గనుక రెండు గడులూ పెట్టుకోండి. ఊరి పేరును అచ్చులో ఉన్నట్టే రాసి, ఇప్పటి జిల్లాను వేరే గడిలో చేర్చండి. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడింది కదా అని, ‘కర్నూలు జిల్లా, నంద్యాల’ అన్న పాత చిరునామాను దిద్దకూడదు.

కొలతను సెంటీమీటర్లలో, ఎత్తు తర్వాత వెడల్పు రాయాలి. క్రౌన్, డెమ్మీ అన్న కాగితం సైజుల పేర్లు ప్రెస్సువారికి అర్థమైనా, కొలత లేకుండా అవి చాలవు. పుటల సంఖ్యను లెక్కపెట్టేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫారాల పద్ధతిలో (ఒక పెద్ద కాగితం మీద అనేక పుటలు ఒకేసారి అచ్చు వేసి మడిచే పద్ధతి) అచ్చయిన పుస్తకంలో లోపలి పుటలు సాధారణంగా ఎనిమిదికో పదహారుకో గుణిజంగా వస్తాయి. మీ లెక్క 90 దగ్గర ఆగితే ఎక్కడో పుటలు పోయాయని అనుమానించి, మధ్య పిన్నుకు రెండు వైపులా జతలు సరిపోతున్నాయో లేదో చూడాలి. ముఖచిత్రం వేసిన చిత్రకారుడి సంతకాన్ని మూలల్లో వెతకండి. వడ్డాది పాపయ్య ‘వ.పా’ వంటి పొడి అక్షరాలను ఉన్నవి ఉన్నట్టే రాయాలి.

తేదీ లేని సంచికకు తేదీ కట్టడం

చాలా పాకెట్ నవలలకు తేదీ ఉండదు. పాతబడినట్టు కనిపిస్తే మిగిలిన ప్రతులు అమ్ముడుపోవన్న భయంతో సంవత్సరం వేయకుండా వదిలినవి కూడా ఉంటాయి. అయినా కాలాన్ని పట్టించే గుర్తులు ప్రతి సంచికలోనూ కొన్ని మిగులుతాయి. ఈ పనిలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదట ధర చూడండి. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. దానికి ముందు ధరలు అణాలలో ఉండేవి. తర్వాత కొంతకాలం ‘నయా పైసలు’ లేదా ‘న.పై.’ అని వేశారు; 1964 జూన్ 1 నుంచి ‘నయా’ అన్న మాటను తొలగించారు. కాబట్టి ‘50 న.పై.’ అని ఉన్న సంచిక దాదాపుగా ఆ ఏడేళ్ల వ్యవధిలోనిది. మార్పు జరిగిన రోజుల్లో ‘6 అణాలు, 37 న.పై.’ అని రెండూ వేసినవి దొరికితే అవి 1957కు దగ్గరివి. పాత అట్ట మీద కొత్త ధర రబ్బరు ముద్రతో కొట్టి ఉంటే రెండు ధరలనూ రాయాలి. అది ముద్రణ కాలం కాక, అమ్మకం కాలాన్ని చెబుతుంది.

తర్వాత రిజిస్ట్రేషన్ సంఖ్య చూడండి. వార్తాపత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం 1956 జూలైలో ఏర్పడింది. ‘ఆర్.ఎన్.’ అని మొదలై గీత తర్వాత రెండంకెలతో ముగిసే సంఖ్యలో, ఆ రెండంకెలు రిజిస్టరైన సంవత్సరం. సంచిక అంతకు ముందుది కాదని మాత్రమే దీనివల్ల తేలుతుంది. అయితే 1956 నాటి నిబంధనల వల్ల మరొక గొప్ప ఆధారం మనకు మిగిలింది. ప్రతి ఏటా ఫిబ్రవరి ముగిసిన తర్వాత వచ్చే మొదటి సంచికలో పత్రిక యాజమాన్య వివరాలను నాలుగవ ఫారం రూపంలో ప్రకటించవలసి ఉండేది. యజమాని, సంపాదకుడు, ముద్రాపకుడు, వారి చిరునామాలు, పెట్టుబడిలో వాటా ఉన్నవారి పేర్లు అందులో వరుసగా ఉంటాయి. తేదీ లేని మాసపత్రికలో ఈ ప్రకటన కనిపిస్తే అది చాలావరకు మార్చి సంచిక. మారుపేరుతో సంపాదకత్వం నడిపినవారి అసలు పేర్లు బయటపడేదీ ఇక్కడే కాబట్టి, పాత కొట్లలో ఏరుకునేటప్పుడు మార్చి సంచికలను ఎంత చిరిగి ఉన్నా వదలవద్దు.

చిరునామాలు కూడా కాలాన్ని చెబుతాయి. ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది; ‘కర్నూలు 518 001’ అని ఉంటే సంచిక ఆ తర్వాతిదే. పిన్ కోడ్ లేనంత మాత్రాన ముందుదని అనుకోకూడదు, ఎందుకంటే ‘మద్రాసు-17’, ‘విజయవాడ-2’ వంటి పాత అలవాటు చాలాకాలం సాగింది. సీమకు ప్రత్యేకమైన గుర్తులు మరికొన్ని ఉన్నాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఆ రోజున మొదటి రెండూ కర్నూలు జిల్లాలోకి, రాయదుర్గం అనంతపురం జిల్లాలోకి వచ్చాయి. గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు 1970 ఫిబ్రవరిలో కొత్త ఒంగోలు జిల్లాలో చేరేదాకా కర్నూలు జిల్లావే. ‘ఆదోని, బళ్లారి జిల్లా’ అని ఏజెంటు చిరునామా ఉన్న సంచికను 1953 దరిదాపులకు తీసుకువెళ్లడానికి ఇదొక ఆధారం. అయితే ఏజెంట్ల జాబితాను ప్రతి నెలా కొత్తగా కంపోజ్ చేయకుండా పాతదే వాడుకునేవారు కాబట్టి, ఒక్క దీనినే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

సంపుటి, సంచిక సంఖ్యలు ఉంటే లెక్క కట్టవచ్చు. ఒక మాసపత్రిక 1958 జూలైలో మొదలైందని మరో సంచిక ద్వారా తెలిసిందనుకోండి. మూడవ సంపుటి, ఏడవ సంచిక అంటే రెండు పూర్తి సంవత్సరాల మీద ఆరు నెలలు, అంటే 1961 జనవరి. దీపావళికి రెండు నెలలకు కలిపి ఒకే సంచిక వేసినా, కాగితం కొరతతో ఒక నెల మానేసినా ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, దొరికిన తేదీ గల సంచికలతో మధ్య మధ్య సరిపోల్చుకుంటూ పోవాలి. వారపత్రికలో తేదీ, వారం ఉండి సంవత్సరం లేకపోతే క్యాలెండరు సాయపడుతుంది. ఉదాహరణకు 1947–1970 మధ్య ఆగస్టు 15 శుక్రవారమైనది 1947, 1952, 1958, 1969లలో. మిగతా గుర్తులతో కలిపి చూస్తే ఆ నాలుగింటిలో సరైనది తేలిపోతుంది.

తెలుగు సంవత్సరం పేరు వేసిన పత్రికలతో జాగ్రత్త వహించాలి. అరవై సంవత్సరాల చక్రంలో ప్రభవ 1927లోనూ, తిరిగి 1987లోనూ వచ్చింది. వికారి 1959–60, క్రోధి 1964–65. ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది కాబట్టి, జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న సంచికలకు తెలుగు సంవత్సరం ముందరిదే అవుతుంది. వికారి నామ సంవత్సర మాఘమాసం సంచికను 1959గా రాయడం తరచుగా జరిగే తప్పు, అది 1960.

చివరగా సినిమా ప్రకటనలు. ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది; ‘త్వరలో విడుదల’ అంటూ దాని ప్రకటన ఉన్న సంచిక ఆ తేదీకి ముందు సిద్ధమైనదని అనుకోవచ్చు. పాత చిత్రాలు మన ఊళ్లలో మళ్లీ మళ్లీ ఆడేవి గనుక, థియేటర్ పేరుతో ఉన్న స్థానిక ప్రకటనను మాత్రం తొలి విడుదలకు ఆధారంగా తీసుకోకూడదు.

ఇలా తేల్చిన తేదీని చదరపు బ్రాకెట్లలో పెట్టి, కారణాన్ని పక్కనే రాయాలి. ఉదాహరణకు: [1958–1964 మధ్య; ధర నయా పైసలలో, రిజిస్ట్రేషన్ సంఖ్య చివర 58]. రేపు మరొకరికి మెరుగైన ఆధారం దొరికితే, మీ తర్కంలో ఏది నిలుస్తుందో ఏది పోతుందో వారికి వెంటనే తెలుస్తుంది.

రచనలు, రచయితలు

ప్రతి రచనకు శీర్షిక, రచయిత పేరు అచ్చులో ఉన్నట్టుగా, పుటలు, రకం రాయాలి. విషయసూచికను నమ్మి రాయవద్దు. లోపలి పుటలో శీర్షిక వేరుగా ఉండటం, సూచికలో ఉన్న కథ అసలు లోపల లేకపోవడం రెండూ సాధారణమే. రచయిత అసలు పేరు తెలిసినా అచ్చయిన పేరు గడిని మార్చకూడదు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అని, బీనాదేవి అన్న పేరు వెనక భార్యాభర్తలిద్దరు ఉన్నారని రచయితల పేజీలో ఒక్కసారి రాసి కలిపితే సరిపోతుంది. పేరే లేకుండా అచ్చయినవి కూడా అంతే. ‘చందమామ’లో సంవత్సరాల తరబడి వచ్చిన జానపద సీరియళ్లలో చాలావాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని తర్వాతి కాలంలో పాఠకలోకానికి తెలిసింది గానీ, ఆ సంచికలలో ఆయన పేరు లేదు. అక్కడ ‘పేరు లేదు’ అని రాసి, ఆపాదింపును వేరే గడిలో చూపాలి.

డిటెక్టివ్ నవలలలో అనువాదం, అనుసరణ ఎక్కువ. కథ విదేశీ నవలను పోలి ఉందని మీకు అనిపిస్తే ‘పోలిక’ అని రాయండి. అచ్చులో ఒప్పుకుని ఉంటేనే ‘అనుసరణ’ అని రాయండి. పాఠకుల ఉత్తరాలను కూడా వదలవద్దు. వాటి కింద ఊరి పేరు ఉంటుంది. ఎమ్మిగనూరు నుంచో ప్రొద్దుటూరు నుంచో ఒక పాఠకుడు నెలనెలా రాశాడంటే ఆ పత్రిక ఎంత దూరం, ఎంత క్రమంగా చేరేదో తెలుస్తుంది. వ్యక్తుల ఇంటి చిరునామాలను మాత్రం బయటపెట్టే జాబితాలో చేర్చకండి, ఊరు చాలు.

బైండు చేయించిన సీరియళ్లు

మన ఇళ్లలో దొరికే వాటిలో నాకు చాలా ఇష్టమైనవి ఇవి. వారపత్రికలలో వచ్చిన సీరియల్ పుటలను వారం వారం చించి దాచి, పూర్తయ్యాక బైండు చేయించుకోవడం అమ్మమ్మల, అత్తమ్మల తరం శ్రద్ధగా చేసిన పని. అచ్చు పుస్తకంగా ఎన్నడూ రాని సీరియళ్లు కొన్ని ఈ రూపంలోనే మిగిలి ఉంటాయి. కానీ బైండరు అంచులు కోసేటప్పుడు పుట అడుగున ఉన్న పత్రిక పేరు, తేదీ కూడా పోవచ్చు.

అటువంటి సంపుటాన్ని ఒక ప్రతిగా నమోదు చేసి, లోపల ఎన్ని భాగాలు ఉన్నాయో లెక్కించండి. తర్వాత ప్రతి భాగం చివరి పుట వెనకవైపు చదవండి. అక్కడ వేరే శీర్షిక ముక్క, వారఫలాల కొస, సగం ప్రకటన మిగిలి ఉంటాయి. ‘ఈ వారం’ అన్న రాశిఫలాల తేదీలు ఒక్క పుటలో దొరికినా, అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ వారాలు లెక్కపెట్టి మొత్తం సీరియల్‌కు తేదీలు కట్టవచ్చు. ఆ ఇంటివారిని మర్యాదగా అడిగి, ‘ఇది మీ ఇంటికి ఎవరి ద్వారా వచ్చింది పెద్దమ్మా, ఎవరు బైండు చేయించారు?’ అన్న రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబును, చెప్పినవారు అంగీకరిస్తే, పేరు లేకుండా ‘ఇంటివారి కథనం’ అని రాసుకోండి.

అభిమాన సంచికలు, రాత పత్రికలు

వీటికి రిజిస్ట్రేషన్ ఉండదు, క్రమం ఉండదు, చాలాసార్లు ముద్రాపకుడి పేరు కూడా ఉండదు. శతదినోత్సవ సంచికలను నమోదు చేసేటప్పుడు సంఘం పేరు, ఊరు, సందర్భం, కార్యవర్గం జాబితా, ప్రకటనలు ఇచ్చిన దుకాణాల రకం రాయండి. హీరో ఫోటో బ్లాకు (బొమ్మ అచ్చు వేయడానికి వాడే పలక) ఎక్కడిదో రాసి ఉంటే అదీ చేర్చండి. సైక్లోస్టైల్ ప్రతులలో సిరా వెలిసిపోతుంది గనుక వాటిని అన్నిటికంటే ముందు ఫోటో తీయాలి. మధ్యలో ఒక పుట రంగు వేరుగా ఉంటే స్టెన్సిల్ చిరిగి మళ్లీ కోసి ఉండవచ్చు. పాఠశాలల్లో, హాస్టళ్లలో చేత్తో రాసిన పత్రికకు ప్రపంచంలో ఒకే ప్రతి ఉంటుంది. అక్కడ ‘సంచిక’ పేజీ, ‘ప్రతి’ పేజీ రెండూ ఒకటే అవుతాయి, కాబట్టి చేతిరాతలు ఎన్ని రకాలున్నాయో, బొమ్మలు ఎవరు వేశారో, చదివినవారు అంచుల్లో రాసిన అభిప్రాయాలు ఏమిటో కూడా అక్కడే రాయాలి.

చిన్న ఊరి నుంచి వచ్చింది కదా అని దేన్నీ తక్కువ చేయకూడదు. పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురం నుంచి ‘సాధన’ పత్రికను నడిపారు. రాచమల్లు రామచంద్రారెడ్డి కడప నుంచి తెచ్చిన ‘సంవేదన’ కొద్దికాలమే నడిచినా తెలుగు విమర్శలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. సీమ ప్రెస్సులలో అచ్చయిన అనామక పత్రికలకు కూడా అదే శ్రద్ధతో చోటివ్వాలి.

ప్రతి మీద పాఠకుల గుర్తులు

అద్దె షాపు రబ్బరు ముద్ర, రోజుకు అద్దె ఎంతో రాసిన అంకె, తీసుకున్న తేదీల చీటీ, పేరు, ‘ఇది చదివినవారు తిరిగి ఇవ్వగలరు’ అన్న రాత, ఆఖరి పుటలో హంతకుడి పేరు కొట్టివేసిన సిరా గీత ఇవన్నీ స్ప్రెడ్‌షీటులోని ‘ప్రతి’ అన్న పేజీలోకి వెళ్లాలి. ముద్రలోని షాపు పేరు, ఊరు, వీధి అక్షరం పోకుండా రాసి, ముద్రను విడిగా ఫోటో తీయండి. ఒకే పుస్తకం మీద గుంతకల్లు, డోన్, కర్నూలు షాపుల ముద్రలు వరుసగా ఉంటే, ఆ పుస్తకం రైలు దారి వెంట చేతులు మారిందనుకోవడానికి అవకాశం ఉంది. అది మీ ఊహ గనుక మళ్లీ ఊహల గడిలోకే వెళ్లాలి.

వర్ణక్రమం, వెతుకులాట

పాత అచ్చులో అరసున్నలు, బండి ‘ఱ’, ‘వుంది’, ‘యెవరు’ వంటి రూపాలు ఉంటాయి. శీర్షికను ఉన్నట్టే ఒక గడిలో, నేటి వాడుక వర్ణక్రమంలో మరో గడిలో రాయండి. వెతకడం, అకారాది క్రమంలో పేర్చడం రెండవ దానితో చేయాలి. అంతా యూనికోడ్‌లోనే టైపు చేయండి. డీటీపీ సెంటర్లలో వాడే, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో చేసిన జాబితా అచ్చుకు బాగుంటుంది గానీ, కంప్యూటర్‌లో వెతికితే దొరకదు. తేదీలను సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో అంకెలతో పెట్టుకుంటే వాటంతట అవే కాలక్రమంలో నిలుస్తాయి.

స్కానింగ్, హక్కులు

ముఖచిత్రం, విషయసూచిక, ముద్రణ వివరాల పుట ప్రతి సంచికకూ తీయాలి, నాలుగవ ఫారం ఉన్న సంచికలో దాన్ని కూడా తీయాలి. 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) కనీసం. చిన్న అక్షరాలకు 400 మేలు. ఫైలు పేరులో పత్రిక సంఖ్య, సంచిక తేదీ, పుట సంఖ్య ఉండాలి. జాబితా తయారుచేసి పంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పూర్తి పాఠాన్ని అంతర్జాలంలో పెట్టడం వేరు విషయం. మన చట్టంలో కాపీహక్కు రచయిత మరణించిన తర్వాత అరవై సంవత్సరాల దాకా, రచయిత ఎవరో తెలియని వాటికి ప్రచురణ నుంచి అరవై సంవత్సరాల దాకా ఉంటుంది. రచయిత కుటుంబం దొరికే అవకాశం ఉంటే వారిని అడగడమే సరైన పద్ధతి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

సరిపోల్చడం, లోటు జాబితా

మీ నమోదు కొంత సాగాక ఇతర నిల్వలతో పోల్చండి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలను పత్రిక, తేదీలతో సహా సూచీకరించింది. ఒక కథ తొలి ముద్రణను తేల్చడానికి మొదట వెళ్లవలసిన చోటు అదే. హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, వేటపాలెంలోని సారస్వత నికేతనం, ప్రెస్ అకాడమీ అంతర్జాలంలో ఉంచిన పాత పత్రికలు, దగ్గరలో అయితే కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కేంద్ర గ్రంథాలయాలు చూడవలసినవి. అక్కడి జాబితాలో ఉన్నది మీరు కళ్లారా చూడకపోతే ‘చూడలేదు, ఫలానా జాబితా ప్రకారం’ అని రాయండి.

ఈ పోలిక నుంచి లోటు జాబితా ఒకటి తయారవుతుంది, అంటే ఉన్నాయని తెలిసి ఇంకా ఎవరికీ దొరకని సంచికల పట్టిక. దీన్ని క్యాటలాగుతో పాటు అచ్చు తీసి, అదే పత్రిక అట్టల రంగు ఫోటోలు రెండు మూడు జతచేసి, కర్నూలు, అనంతపురం, కడప పాత కాగితాల కొట్లలోనూ, బైండింగు షాపుల్లోనూ ఇచ్చి రండి. కాగితం కిలోల లెక్కన మిల్లుకు పోయే లోపు కొట్టువారు పక్కన పెట్టగలిగేది అట్ట చూసి గుర్తుపట్టినవే గనుక, ఆ ఫోటోలు స్పష్టంగా, పెద్దవిగా ఉండాలి. పక్కన పెట్టినందుకు తూకం ధర కంటే ఎక్కువ ఇస్తామని ముందే చెప్పాలి. కొత్తవి చేరిన ప్రతిసారీ జాబితాను సవరించి, పైన తేదీ వేసి, పాత కాగితాన్ని వెనక్కి తీసుకుని కొత్తది ఇవ్వండి.